సంఘం గొడుగు కింద విభాగాల పేజీలు: ఎవరి చేతిలో ఏముండాలి

విజయవాడలో నేను సభ్యుడిగా ఉన్న ఇంజనీర్ల సంఘం ఈ మధ్య ఒక నియమావళి ముసాయిదాను అందరికీ పంపి అభిప్రాయాలు అడిగింది. సంఘం వెబ్‌సైటులో విభాగాలకు పేజీలు ఇవ్వాలని చాలాకాలంగా అడుగుతున్న మాటను కార్యవర్గం ఎట్టకేలకు మన్నించింది. ఆ పేజీలను ఎవరు నడపాలి, వాటిలో ఏం పెట్టవచ్చు, ఏం పెట్టకూడదు అన్నది ఆ ముసాయిదా విషయం. స్ట్రక్చరల్ ఇంజనీర్ల విభాగం, నేల పరీక్షల విభాగం, నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైనవారి విభాగం, మహిళా సభ్యుల విభాగం, యువ సభ్యుల విభాగం అంటూ మాకున్నవాటిలో కొన్ని చురుకైనవి, కొన్ని ఏడాదికోసారి గ్రూప్ ఫొటోకు మాత్రమే కనిపించేవి. ముసాయిదాను శ్రద్ధగానే రాశారు. అయినా పట్టు బిగించవలసిన చోట వదిలేసి, వదలవలసిన చోట బిగించారని నా అభిప్రాయం. విభాగం పెట్టే ప్రతి ప్రకటననూ కార్యదర్శి ముందుగా చూసి ఆమోదించాలట; ఆ పేజీ ఎవరి పేరున ఉన్న డొమైన్‌లో (వెబ్‌సైటు చిరునామాలో) ఉంటుంది, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుంది, కన్వీనర్ మారితే ఏమవుతుంది, ఎన్నాళ్లకు పేజీ పాతబడినట్టు లెక్క అన్నవాటి గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. నేను కోరేది దాదాపు దీనికి తలకిందులు. రాతను విభాగానికి వదిలేయాలి. చిరునామా, తాళాలు, బాధ్యుడి పేరు, పేజీ ఆయుష్షు సంఘం చేతిలో ఉండాలి.

ముందుగా కార్యవర్గం భయాన్ని అర్థం చేసుకోవాలి, ఎందుకంటే అది వట్టి అధికార దాహం కాదు. న్యాయవాదులకు 1961 చట్టం, ఆర్కిటెక్టులకు 1972 చట్టం, సీఏలకు 1949 చట్టం ఉన్నాయి. వాళ్ల వృత్తిలో ఎవరైనా హద్దు మీరితే పేరు తొలగించే మండలి ఒకటి ఉంటుంది. ఇంజనీర్లకు దేశమంతటికీ వర్తించే అలాంటి చట్టం ఇప్పటికీ లేదు. అందువల్ల ఇల్లు కట్టుకునే సామాన్యుడికి మా మాటకు పూచీగా కనిపించేది సంఘం పేరొక్కటే. ఆ పేరు కింద స్లాబు మందం గురించి ఒక వాక్యం కనబడితే, అది రాసింది విభాగమా, సంఘమా అని చదివేవాడు విడదీసి చూడడు. చట్టం కూడా అంతే. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైనది సంఘం. విభాగాలకు విడిగా చట్టపరమైన అస్తిత్వం లేదు. విభాగం పేజీలో వచ్చిన మాటకు ఎవరైనా నోటీసు పంపితే అది సంఘం ఆఫీసుకే వస్తుంది.

అయితే ఈ భయానికి ముందస్తు ఆమోదం మందు కాదని, పైగా జబ్బును ముదరబెడుతుందని నేనంటాను. ఆన్‌లైన్‌లో ఇతరుల రాతలకు చోటిచ్చేవారికి సమాచార సాంకేతిక చట్టం 79వ సెక్షన్ కొంత రక్షణ ఇస్తుంది. ఆ రక్షణ కావాలంటే చోటిచ్చినవాడు రాతను ఎంచి ఉండకూడదు, మార్చి ఉండకూడదు. విభాగం మన సంఘంలోని భాగమే గనుక మనం ఆ రక్షణను నమ్ముకుని కూర్చోలేం, అది నిజమే. కానీ అందులోని తర్కం మనకు పనికొస్తుంది. ప్రతి వాక్యం కింద కార్యదర్శి సంతకం ఉన్నప్పుడు ‘మేం చోటు మాత్రమే ఇచ్చాం’ అనే మాట నోట్లోంచి రాదు. పైగా మా కార్యదర్శి వృత్తిరీత్యా రోడ్ల నిపుణుడు. నేల పరీక్షలవారు రాసిన నోటును ఆయన ఏ అర్హతతో ఆమోదిస్తారు? ఏ అర్హతతో తిప్పి పంపుతారు? ఆయన చేయగలిగింది అక్షరదోషాలు దిద్దడం, లేదా ‘అధ్యక్షులవారిని ఒక మాట అడిగి చెబుతాను’ అనడం. రెండోదే ఎక్కువగా జరుగుతుంది.

జరిగింది కూడా. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం మునిగినప్పుడు మా స్ట్రక్చరల్ విభాగంలో కొందరు ఒక నోటు తయారుచేశారు. ఒక పేజీకి మించలేదు. అందులో మొదటి మాట: అపార్ట్‌మెంటు సెల్లార్‌లో నిలిచిన నీటిని ఒక్కసారిగా తోడేయకండి. బయట నేల ఇంకా నీటితో నిండి ఉండగా లోపలి నీరు ఖాళీ చేస్తే, అప్పటిదాకా రెండువైపులా సరితూగిన ఒత్తిడి ఒకవైపే మిగిలి సెల్లార్ గోడ లోపలికి కూలవచ్చు, గచ్చు పైకి ఉబకవచ్చు. కొంత తోడి, ఆగి, బయటి నీటిమట్టం దిగేకొద్దీ మళ్లీ తోడాలి. రెండో మాట కరెంటు గురించి: మునిగిన మీటరు బోర్డును ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వేయకండి. తర్వాత సంపు కడిగి బ్లీచింగ్ పౌడర్ వేయడం, తడిసిన సిమెంటు బస్తాలను వాడకపోవడం, గోడలు పూర్తిగా ఆరకముందే పెయింట్ జోలికి పోకపోవడం. చివరి మాట నాకు అన్నిటికన్నా నచ్చింది: నల్లరేగడి నేల ఆరేకొద్దీ కుంచించుకుంటుంది గనుక పగుళ్లు వారాల తర్వాత కూడా కనిపించవచ్చు, ఇవాళ గోడ బాగుందని నిశ్చింతగా ఉండకండి.

ఆ నోటు సంఘం వెబ్‌సైటుకు ఎక్కాలంటే అప్పటి ఆనవాయితీ ప్రకారం కార్యదర్శి, అధ్యక్షుడు ఇద్దరూ సరేననాలి. ఇద్దరి ఇళ్లూ వరద ప్రాంతానికి దగ్గరే. ఫోన్లకు ఛార్జింగ్ లేదు, నెట్ లేదు, ఉన్నా ఆ సమయంలో వాళ్ల బాధలు వాళ్లవి. వాళ్లనేమీ అనడం లేదు. కానీ నోటు వెబ్‌సైటులోకి వచ్చేనాటికి సెల్లార్లు చాలావరకు తోడేశారు. ఈలోగా అదే నోటు వాట్సాప్‌లో తిరిగింది, రాసినవారి పేరు లేకుండా, తేదీ లేకుండా. నా దగ్గరకు తిరిగి వచ్చిన ఒక ఫార్వర్డులో ‘తోడేయకండి’ అన్న వాక్యం మిగిలింది గానీ, కొంత తోడి ఆగమన్న వాక్యం రాలిపోయింది. అంటే అసలు తోడవద్దని చదువుకోవాలన్నమాట. ముందస్తు ఆమోదం తప్పు సమాచారాన్ని ఆపుతుందంటారు. ఇక్కడ అది ఒప్పు సమాచారాన్ని ఆపి, తప్పు దానికి దారి వదిలింది. విభాగం కన్వీనర్‌కు సొంత లాగిన్ ఉండి, నోటు కింద ఆయన పేరు, తేదీ ఉండి ఉంటే, వాట్సాప్‌లో తిరిగేది ఆ పేజీ లింకు అయ్యేది.

ఇక తాళాల సంగతి. సంఘం చోటివ్వకపోవడంతో మా విభాగాల్లో ఒకటి కొన్నేళ్ల క్రితం సొంతంగా వెబ్‌సైటు పెట్టుకుంది. అప్పటి కన్వీనర్ ఉత్సాహవంతుడు. డొమైన్ తన పేరున, తన జీమెయిల్‌తో, తన కార్డు మీద కొన్నారు. డబ్బు కూడా ఆయనే పెట్టుకున్నారు, అడగలేదు. తర్వాత పిల్లల దగ్గరికి విదేశం వెళ్లారు, ఇక్కడి నంబరు ఆగిపోయింది, రెన్యువల్ కోసం ఓటీపీ ఆ నంబరుకే పోతుంది. గడువు దాటాక డొమైన్‌ను తిరిగి దక్కించుకోవడానికి కొంత కాలం ఇస్తారు. ఆ గడువూ పోతే ఎవరైనా కొనుక్కోవచ్చు. కాలేజీలు, ప్రభుత్వ సైట్లు, పత్రికలు ఇచ్చిన పాత లింకులున్న డొమైన్లు సెర్చిలో పైకి వస్తాయి గనుక వాటికోసం కాచుకుని కూర్చునేవాళ్లు ఉంటారు. మా విభాగం డొమైన్ అలాగే పోయింది. ఆ తర్వాత తెరిచినవారికి రమ్మీ ప్రకటనలు కనిపించాయి. మా సెమినార్ కరపత్రాల్లో, రెండు కాలేజీల నోటీసు బోర్డుల్లో ఆ చిరునామా అచ్చయి ఉంది.

దీన్ని ఆ కన్వీనర్ మీదికి నెట్టడం అన్యాయం. సంఘం చేయవలసిన పనిని ఆయన జేబులోంచి చేశారు. నియమావళిలో మొదటి నియమం ఇదే కావాలి: సంఘం పేరు వాడే ఏ పేజీ అయినా సంఘం డొమైన్ కింద ఉప-చిరునామాగానే ఉండాలి; ఆ డొమైన్ సంఘం పేరున, సంఘం ఆఫీసు మెయిల్‌తో నమోదై, డబ్బు సంఘం ఖాతానుంచి వెళ్లాలి. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల ఐఈఈఈ లాంటి అంతర్జాతీయ సంస్థ తన సెక్షన్లకూ చాప్టర్లకూ తన డొమైన్ కిందే చోటిస్తున్నది. ఊరి సంఘానికి అది అసాధ్యమేమీ కాదు. ప్రధాన పాస్‌వర్డు ఎప్పుడూ ఇద్దరు పదవిలో ఉన్నవారి దగ్గర ఉండాలి. కార్యవర్గం మారినప్పుడు మినిట్స్ పుస్తకం, రసీదు పుస్తకాలు, బ్యాంకు సంతకాల మార్పుతో పాటు ఇదీ ఛార్జి లిస్టులో ఒక పంక్తిగా ఎక్కాలి. ప్రభుత్వ ఆఫీసుల్లో జీవితమంతా ఛార్జి అప్పగించి, ఛార్జి తీసుకున్న మనుషులం మనం. బీరువా తాళానికి చేసేది సర్వర్ తాళానికి ఎందుకు చేయం?

విభాగాలకు ఒక్కో లాగిన్ కాకుండా, రాసే మనిషికి ఒక్కో లాగిన్ ఇవ్వాలి. అందరూ ఒకే అడ్మిన్ పాస్‌వర్డును పంచుకుంటే ఎవరు ఏం మార్చారో తేలదు, మానేసినవారిని తప్పించడమూ కుదరదు. వెబ్‌సైటు నడిపే వర్డ్‌ప్రెస్ లాంటి సాఫ్ట్‌వేర్ వాడితే దానికి తగిలించే పాత ప్లగిన్లు దొంగలకు తలుపు తీసి ఉంచినట్టే కాబట్టి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు సంఘం ఒక్కచోట చేయాలి, విభాగాల మీద వదలకూడదు. సైబర్ భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాలు సైబర్ దాడి సంగతి తెలిసిన 6 గంటల్లో తమకు తెలపాలని, సర్వర్ లాగ్ రికార్డులను 180 రోజులు ఉంచాలని అంటున్నాయి. పది విభాగాలు పది హోస్టింగులు పెట్టుకుంటే ఇది జరిగే పనేనా?

బాధ్యుడి పేరు, తేదీ అన్నాను. ఇవి లాంఛనాలు కావు. మన వృత్తిలో పాత సమాచారం ప్రమాదకరం. కాంక్రీటుకు 1978 నాటి ఐఎస్ 456 అనే భారతీయ ప్రమాణం (కోడ్) స్థానంలో 2000 నాటిది వచ్చింది; భూకంపాలకు సంబంధించిన ఐఎస్ 1893 మొదటి భాగం 2002లో ఒకటి, 2016లో ఇంకొకటి వచ్చాయి. ఒకనాడు సరిగ్గా ఉన్న లెక్క కోడ్ మారాక సరికాకపోవచ్చు. పేజీ మాత్రం నవనవలాడుతూ అలాగే ఉంటుంది, కాగితంలాగా పసుపురంగుకు తిరగదు. చివరిసారి ఎవరు, ఎప్పుడు చూశారన్నది ప్రతి సాంకేతిక పేజీ పైభాగంలోనే కనిపించాలి. ఏడాదికోసారి కన్వీనర్ ‘చూశాను, ఇంకా చెల్లుతుంది’ అని ధ్రువీకరించాలి. ధ్రువీకరణ రాకపోతే పేజీ నెత్తిన ‘ఇది సమీక్షించని పాత పేజీ’ అన్న పట్టీ దానంతటదే పడాలి. విభాగమే నిద్రపోతే పేజీ పాత భాండారంలోకి వెళ్లాలి.

భాండారంలోకి అంటున్నాను, చెత్తబుట్టలోకి కాదు. ముసాయిదాలో ‘నిష్క్రియ పేజీలు తొలగించబడును’ అని ఒకే వాక్యంలో తేల్చేశారు. మా రిటైరైనవారి విభాగంలో పెద్దలు కొందరు కృష్ణా డెల్టా కాలువల మీద, 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ గేట్ల నిర్వహణ మీద తమ జ్ఞాపకంలోంచి రాసిన నోట్లు ఉన్నాయి. 2024 సెప్టెంబరులో బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద పోయి, పడవలు కొట్టుకొచ్చి గేట్లను ఎత్తడానికి సాయపడే ఎదురు బరువులైన కౌంటర్‌వెయిట్లను గుద్దినప్పుడు, కౌంటర్‌వెయిట్ అంటే ఏమిటో తెలుగులో వివరించే నాలుగు మాటల కోసం కుర్ర ఇంజనీర్లు వెతికింది ఆ నోట్లలోనే. అవి రాసినవారిలో కొందరు ఇప్పుడు లేరు. విభాగం సమావేశాలు జరపడం లేదని ఆ పేజీలను తుడిచేస్తే పోయేది విభాగం కాదు. 1914లో ఇదే బెజవాడలో పుట్టిన గ్రంథాలయ సంఘం గురించి మనకు ఇన్ని వివరాలు తెలుస్తున్నాయంటే ఆ ఉద్యమం పత్రిక నడిపి, పాత సంచికలను దాచుకున్నందువల్ల కూడా. మన దగ్గర అచ్చు పత్రిక లేదు. ఉన్నవి ఈ పేజీలే. చిరునామా మారకుండా, సవరణకు వీల్లేకుండా, ‘పాతది’ అన్న గుర్తుతో అవి ఉండాలి. ఇక సెమినార్ పత్రాలు పెట్టేటప్పుడు రాసినవారి అనుమతి కాగితం మీద తీసుకోవడం మంచిది. 1957 నాటి కాపీరైట్ చట్టం హక్కుల బదిలీని రాతలోనే గుర్తిస్తుంది, చప్పట్లలో కాదు.

సభ్యుల జాబితాల విషయంలో మాత్రం నేను కార్యవర్గంకన్నా కఠినం. విభాగాలకు తమ సభ్యుల పేర్లు, ఫొటోలు, సెల్ నంబర్లు, పుట్టినరోజులు, రక్తం గ్రూపులతో సహా పీడీఎఫ్ చేసి పెట్టడం మహా సరదా. పర్సనల్ లోనుల ఫోన్లు, ప్లాట్ల ఫోన్లు ఎక్కడినుంచి వస్తున్నాయని తర్వాత ఆశ్చర్యపోతాం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సమ్మతి ఒక నిర్దిష్టమైన పనికే ఉండాలంటుంది, ఇచ్చినంత తేలికగా వెనక్కి తీసుకునే వీలుండాలంటుంది. డేటాను కాపాడే జాగ్రత్తలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉంది. సభ్యత్వ ఫారంలో నంబరు ఇచ్చినవాడు దాన్ని లోకానికి చూపమని ఇవ్వలేదు. పేజీలో కన్వీనర్ పేరు, సంఘం ఇచ్చిన విభాగపు మెయిల్ ఉంటే చాలు.

ఇంకొక అలవాటు మార్చుకోవాలి. మన విభాగాలు ప్రకటన అంటే ఫ్లెక్సీ అనుకుంటాయి. ఫొటోషాప్‌లో చేసిన రంగురంగుల జేపీజీని, అధ్యక్ష కార్యదర్శుల ఫొటోలతో సహా, పేజీలో అతికిస్తారు. లేదా డీటీపీ సెంటర్‌లో యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టించిన తెలుగును యథాతథంగా తెచ్చి పెడతారు. ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షర ప్రమాణం యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచి ఉన్నా ఇదే తంతు. ఆ రాత సెర్చికి దొరకదు, ఫోన్‌లో సరిగ్గా కనబడదు, చూపులేనివారి స్క్రీన్ రీడర్‌కు వినబడదు. విషయం యూనికోడ్ అక్షరాల్లో ఉండాలి, బొమ్మ ఉంటే కింద దాని వివరణ ఉండాలి. దివ్యాంగుల హక్కులపై 2016లో చట్టం చేసుకున్న దేశంలో, ర్యాంపు వాలు ఎంత ఉండాలో ఊరికి చెప్పే ఇంజనీర్ల సంఘం తన సొంత పేజీకి ర్యాంపు వేసుకోకపోవడం బాగుండదు.

స్పాన్సర్ల ముచ్చట ముసాయిదాలో అసలు లేదు. సెమినార్‌కు భోజనాల ఖర్చు సిమెంటు కంపెనీయో స్టీలు కంపెనీయో పెట్టుకోవడం కొత్త కాదు, దాన్ని నేను తప్పుపట్టను. కార్యక్రమం ప్రకటనలో వారి పేరు చెప్పి కృతజ్ఞత తెలపవచ్చు. కానీ ఇంటి పునాదికి ఏ సిమెంటు మంచిదో చెప్పే పేజీలో కంపెనీ లోగో ఉండకూడదు. న్యాయవాదులు తమను తాము ప్రచారం చేసుకోకుండా బార్ కౌన్సిల్ 36వ నియమం కట్టడి చేసింది. 2008 తర్వాత కూడా వెబ్‌సైటులో కొన్ని పరిమిత వివరాలకే అనుమతి ఇచ్చింది. మనల్ని కట్టడి చేసేవారు లేరు గనుక మనమే చేసుకోవాలి. అలాగే సంఘం ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన రోజునుంచి ఫలితాలదాకా ఏ విభాగం పేజీలోనూ అభ్యర్థుల ఫొటోలు, సన్మానాలు కొత్తగా ఎక్కకూడదు. దీని గురించి ఇంతకన్నా చెప్పనక్కరలేదు, చదివేవారికి తెలుసు.

ముందస్తు ఆమోదం పూర్తిగా వద్దా అంటే, ఒకచోట కావాలి. ప్రభుత్వానికి వినతిపత్రం, పత్రికా ప్రకటన, కోర్టు వ్యవహారం వంటివాటిలో ‘సంఘం అభిప్రాయం ఇది’ అని చెప్పే మాట కార్యవర్గం తీర్మానం లేకుండా పోకూడదు. మిగతాదంతా ‘ఇది ఫలానా విభాగం అభిప్రాయం’ అన్న పంక్తితో, కన్వీనర్ పేరుతో వెళ్లవచ్చు. అది కార్యవర్గం నిర్ణయాన్ని విమర్శించేదైనా సరే. తప్పు దొర్లితే తొలగించే అధికారం సంఘానికి ఉండాలి. అయితే దాన్ని ఇద్దరు పదవిలో ఉన్నవారు కలిసి, కారణం రాసి, కన్వీనర్‌కు తెలిపి వాడాలి; తొలగించిన చోట తొలగించామన్న మాట కనబడాలి; కన్వీనర్‌కు అభ్యంతరముంటే తర్వాతి కార్యవర్గ సమావేశం అజెండాలో అది చేరాలి. ప్రాణాపాయం కలిగించే సాంకేతిక దోషమైతే ముందు తీసేసి తర్వాత రాయవచ్చు.

ఒక పెద్దాయన నాతో అన్నారు, ‘ఇన్ని పేజీలు ఎవరు చూస్తారండీ, ఒక్క తప్పు చాలు మన పరువు పోవడానికి’ అని. తప్పు ఉన్న పేజీ మీద పేరు, తేదీ, సవరణ ఉంటే పరువు నిలుస్తుందని నా నమ్మకం. మన డ్రాయింగుల్లో రివిజన్ నంబర్లు వేసేది అందుకే. ఆయన ఒప్పుకోలేదు. సర్వసభ్య సమావేశంలో ఆయన వ్యతిరేకంగా ఓటేస్తారు, వేయనివ్వండి.

మిగిలింది డబ్బు, గడువు. హోస్టింగుకు, డొమైన్‌కు ఏడాదికయ్యే ఖర్చు మన వార్షికోత్సవంలో శాలువాలకూ మెమెంటోలకూ పెట్టేదానికన్నా తక్కువే కాబట్టి విభాగాల దగ్గర చందాలు వసూలు చేయకుండా సంఘమే భరించాలి. చందా అడిగితే డబ్బున్న విభాగాలకే పేజీలుంటాయి. బయట సొంత సైట్లు నడుపుతున్న విభాగాలకు వచ్చే సర్వసభ్య సమావేశందాకా సమయమిచ్చి, పాత చిరునామాలనుంచి కొత్తవాటికి దారి మళ్లించి, ఆ పాత డొమైన్లను సంఘం పేరుకు మార్పించుకుని మరికొన్నేళ్లు రెన్యువల్ చేస్తూ ఉండాలని నా సవరణలో రాశాను. యువ సభ్యుల్లో ఇద్దరు ఈ పని చేసిపెడతామన్నారు. వారికి లాగిన్లు ఇవ్వడానికి ఎవరి ఆమోదం కావాలో ముసాయిదాలో లేదు.